ఇనుప గాజు

యావదాస్తీ మరిదికి రాసిస్తున్న వితంతువు మాట స్వయంగా విని రమ్మని, కలకత్తా తెల్లజడ్జి, ఆడ వకీలు హిరణ్మయిని పంపాడు. ఆడవాళ్లుండే జనానాలోకి మగ వకీళ్లు వెళ్లకూడదు మరి.

పరదా వెనక, హిరణ్మయి ఎదుట ముసుగులో ఉన్నావిడ, "నా ఇష్టంతోనే ఇస్తున్నానమ్మా," అంది. పోయిన నెల హిరణ్మయి విన్న వితంతువు గొంతే.

వేలిముద్రకి చెయ్యి చాచింది. మణికట్టుకి ఇనుప గాజు! భర్త బతికున్న బెంగాలీ ఇల్లాలు దాన్ని తియ్యదు, వితంతువు వేసుకోదు.

హిరణ్మయి దగ్గరికి జరిగింది. "ఎవరు నువ్వు? ఆవిడేది?"

"గాజు తీసెయ్యమన్నారు. మా ఆయనకేమన్నా అవుతుందని భయమేసిందమ్మా," అని ఏడుస్తూనే ఆమె హిరణ్మయి నోరు గట్టిగా నొక్కేసింది.

బయట నుంచి, హిరణ్మయి వెంట వచ్చిన గుమస్తా అడిగాడు: "అమ్మగారూ, బండి తెమ్మంటారా?"

"వద్దు. నాకు ఆలస్యమవుతుంది, నువ్వెళ్లిపో."

ముసుగావిడ నోట, అచ్చం హిరణ్మయి గొంతే.

పరదా అవతల గుమస్తా చెప్పుల చప్పుడు దూరమైపోయింది.