కూర్చోని వీరుడు

గవరయ్యను తోడేలు మళ్లీ చంపేసింది.

"ఇదేటిరా, నా ఒక్కడి మీదే పడతంది? ఈ అడవిలో ఇంకెవులూ నేరా?" అన్నాడాయన, తెర మీద బోర్లా పడివున్న తన బొమ్మను చూస్తూ.

కొడుకు వెంకటేశు గల్లాబల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఆ రోజు బంద్. ఖిదిర్‌పూర్ ఓడల డాకులో పని లేదు, రోడ్డు మీద బస్సు లేదు. వెంకటేశు తన ఇంటర్నెట్ సెంటరు షట్టరు సగానికి దించి, లోపల కుర్రాళ్ల చేత కొత్త ఆట ఆడిస్తున్నాడు. ఎక్కడెక్కడివాళ్లో తలా ఒక వేషం కట్టుకుని ఒకే అడవిలో తిరిగే ఆట అది. సాయంత్రం లిలువా రైల్వే కుర్రాళ్లతో పోటీ ఉంది. ఖిదిర్‌పూర్ దళంలో ఒకడు తక్కువయ్యాడు. ఆ చోటు తనకే కావాలని గవరయ్య పొద్దుట్నుంచీ పట్టుపట్టాడు.

"ఐదింటికల్లా అడవి దాటి కోట గుమ్మం చేరు నాన్నా, తీసుకుంటాను. చేరలేకపోతే ఇంటికెళ్లి అమ్మ పక్కన కూకుని సింతపండు పిక్కలు తియ్యి."

బంద్ వచ్చిందంటే చాలు, గవరయ్య పెళ్లాం దాలమ్మ ఆయన ముందు చింతపండు బుట్ట పెట్టేస్తుంది. ఆ బుట్ట తలుచుకుని గవరయ్య తెర మీద మళ్లీ లేచి నిలబడ్డాడు.

"రక్తం తగ్గితే మంట పక్కన కూకో. కూకుంటేనే నిండుతాది," అంటూ వెంకటేశు బొమ్మ నెత్తిమీదున్న ఎర్రగీత చూపించాడు.

"కూకుంటే బలమొస్తాదా? మా డాకులో అయితే కూలీల సర్దారు తిట్లొస్తాయి."

అప్పుడే కోడలు అరుంధతి కేరేజీ పట్టుకుని షట్టరు కిందనుంచి వంగి లోపలికి వచ్చింది. మామగారిని చూడగానే కొంగు నెత్తిమీదికి లాక్కుంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఆయనతో నేరుగా ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నం చల్లారిపోతోందని మొగుడికి చెప్పింది. మొగుడు పక్కనే ఉన్న తండ్రికి చెప్పాడు. కోట చేరాకే అన్నం అని తండ్రి కొడుక్కి చెప్పాడు. కొడుకు వెనక్కి తిరిగి పెళ్లానికి చెప్పాడు. మొగుడు తినేదాకా ఆమె కంప్యూటర్ల మధ్య అడ్డుగా పెట్టిన ప్లైవుడ్ చెక్కల అవతలికి తప్పుకుంది.

గవరయ్య అడవిలోకి నాలుగడుగులు వేశాడో లేదో పొదల్లోంచి తోడేలు దూకింది. కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి తోడేలు రెండు ముక్కలై ఉంది. ఎదురుగా పొడుగాటి కత్తితో ఒక వీరుడు. మొహానికి నల్లటి ముసుగు.

ఆ వీరుడు పలకలేదు. ముందు నడిచాడు, గవరయ్య వెనక నడిచాడు. ఆయన ముళ్లకంపలో చిక్కుకుంటే ఆగాడు. దారి తప్పితే వెనక్కొచ్చి తీసుకెళ్లాడు. "మందు అయిపోనాదిరా బాబూ" అని గవరయ్య తనలో తాను గొణుక్కునేలోపు వీరుడు ఆయన కాళ్ల దగ్గర గాయాలు మాన్పే మందుసీసా ఒకటి పెట్టాడు.

గవరయ్య ఒళ్లు పులకరించింది.

"ఎవుడ్రా ఈడు? నా మనసులో మాట ఇనీసినట్టు సేస్తన్నాడు."

"మా దళంలోదే... మా దళంలోవాడే నాన్నా," అన్న వెంకటేశుకి అన్నం పొలమారింది. గ్లాసుడు నీళ్లు తాగాడు.

అయితే ఒక్కటే వింతగా తోచింది గవరయ్యకి. దారిలో మంట కనిపించినప్పుడల్లా వీరుడు వెళ్లి కూర్చునేవాడు. వెనకపడ్డ గవరయ్య వచ్చి చేరేసరికి చటుక్కున లేచి నిలబడేవాడు. ఎర్రగీత సగం కూడా నిండేది కాదు.

"కూకో బాబూ, పర్లేదు," అనేవాడు గవరయ్య తెరతో.

వీరుడు కూర్చునేవాడు కాదు.

"సూసావురా ఎంకటేశూ, పెంపకమంటే ఇదీ. పెద్దోడొస్తే లేచి నిలబడతన్నాడు. ఏ మారాజు కన్నబిడ్డో గానీ, ఈడి కాళ్లు కడిగి నెత్తిన జల్లుకోవాల నీలాటోళ్లు."

వెంకటేశు తలెత్తకుండా పప్పు కలుపుకున్నాడు.

ఐదవుతుండగా కోట కనిపించింది. గుమ్మానికి అడ్డంగా ఏనుగంత ఎలుగుబంటి. వీరుడు ఒక్కడే దాని మీదికి వెళ్లాడు. ఎలుగుబంటి కొట్టిన ప్రతి దెబ్బా తానే కాచుకున్నాడు, గవరయ్య మీద గోరు పడనివ్వలేదు. చివరికి అది కూలింది, గుమ్మం తలుపులు మెల్లగా తెరుచుకుంటున్నాయి. వీరుడి నెత్తిమీద ఎర్రగీత మాత్రం దారప్పోగంత మిగిలింది.

వెనక అడవిలో తోడేళ్లు ఊళ వేశాయి. గుంపే వస్తోంది. వీరుడు పడిపోతే వాటి నోటికి మిగిలేది గవరయ్యే. తర్వాత చింతపండు బుట్టే.

"కూకో బాబూ. నీ కాళ్లట్టుకుంటాను, మంట కాడ కూకో," అని బతిమాలాడు గవరయ్య.

వీరుడు గుమ్మం పక్కనున్న మంట వదిలేసి చెట్టు చాటుకి వెళ్లాడు. ఏమైపోతాడోనని గవరయ్య కంగారుగా చెట్టు చాటుకి వెళ్లాడు. వీరుడు బండ వెనక్కి పోయాడు. గవరయ్య బండ వెనక్కీ పోయి ఎదురుగా నిలబడ్డాడు. వీరుడు మళ్లీ మంట దగ్గరికి వచ్చాడు. ఆయనా వచ్చాడు. ఊళలు దగ్గరయ్యాయి.

అప్పుడు ప్లైవుడ్ చెక్క అవతలినుంచి, గల్లాబల్లకి కాదు, గోడకి కాదు, నేరుగా ఆయనకే ఒక గొంతు వినిపించింది.

"మావయ్యా, కూసింతసేపు అటేపెల్లండి. మీరెదురుగుంటే నానెలగ కూకునీది?"