అట్టహాసంగా పెళ్లి

పెళ్లి ఇంకా పదకొండు రోజులుందనగా బాతెల్‌లో ఓరుగల్లు కోట కట్టడం మొదలైంది.

రాళ్లతో కాదు, అట్టలతో. ఫ్రిజ్ అట్ట, టీవీ అట్ట, పక్కింటివాళ్లు పారేసిన పరుపు అట్ట. కిందటి డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రం ఇద్దరాడవాళ్ల పెళ్లికి సరేనన్నాక శశికళ, ఛాయాదేవి ఇక ఆగలేదు. కాకతీయుల కోటలో తప్ప చేసుకోనని ఛాయాదేవి పంతం. కోట ఇక్కడికి రాదు కాబట్టి గరాజ్‌లోకి అట్టలొచ్చాయి. అంతా చేత్తోనే, అంతా అట్టహాసమే.

వెయ్యి స్తంభాల గుడి కూడా అనుకున్నారు. "ఇంకోటి వెయ్యి, ఇంకోటి వెయ్యి" అంటూనే ఉంది ఛాయాదేవి. పదహారో స్తంభం దగ్గర జిగురు అయిపోయింది.

"మరి మిగతా తొమ్మిది వందల ఎనభై నాలుగు?"

"శిథిలమయ్యాయని చెబుదాం," అంది శశికళ.

ఈ పెళ్లిలో ఇంకో సుఖం. రెండు వైపులా ఆడపెళ్లివారే. మగపెళ్లివారే లేనప్పుడు కాఫీ చల్లారిందని అలిగేదెవరు?

మోహన్ అలిగాడు.

ఛాయాదేవిని కన్యాదానం చెయ్యడానికి వాళ్లన్నయ్య రాధాకృష్ణ ఫ్రిస్కో నుంచి టికెట్ బుక్ చేసేశాడు. శశికళ తరఫున పీటల మీద కూర్చోవడానికి ఉన్నది మోహన్ ఒక్కడే. అతను ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూర్చుని రానంటున్నాడు. పీటల దగ్గరే పీటముడి పడింది.

"ఆఫీస్‌లో ఏమని చెప్పను?" అన్నాడు ఫోన్‌లో.

"పెళ్లని చెప్పు. లీవిస్తారు."

"జోకులొద్దు. నాన్న ఉంటే ఏమనేవారో తెలుసా?"

"తెలుసు. అట్ట వంకరగా కోశావనేవారు."

అటువైపు నవ్వొకటి రాబోయి ఆగింది. "నలుగురూ నవ్వుతారు నిన్ను చూసి."

"నవ్వనీ, భోజనాలు కూడా పెడుతున్నాంగా." శశికళ గొంతు తగ్గింది. "నువ్వు రాకపోతే ఆ పీట మీద ఇంకెవర్నీ కూర్చోబెట్టను, మోహన్. ఖాళీగానే ఉంచుతా."

అతను ఫోన్ పెట్టేశాడు.

పెళ్లిరోజుకి కోట గరాజ్‌లోంచి కమ్యూనిటీ హాల్‌కి చేరింది. హాల్ నిండా అట్ట కిరీటాలు. ఆంటీలు సేనాపతులు, అంకుల్స్ రాణులు. ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకున్నారు. రాధాకృష్ణ కళ్లు తుడుచుకుంటూ చెల్లెల్ని కన్యాదానం చేసి లేచాడు.

"శశికళగారి తరఫు దాత ఎవరండీ?" పంతులుగారు ఖాళీ పీట వైపు చూశారు.

శశికళ చేతిలోని కొబ్బరిబోండాన్ని అటూ ఇటూ తిప్పింది.

తలుపు దగ్గర ధబ్బుమని చప్పుడు. ఎయిర్‌పోర్ట్ ట్యాగ్ వేలాడుతున్న బ్యాగ్‌తో వస్తూ మోహన్ అట్ట తోరణానికి తల కొట్టుకున్నాడు. కాకతీయ సామ్రాజ్యం ఒక్కసారి ఊగింది.

"ఎవరు కట్టారిది?"

"మేమే," అంది శశికళ.

"తెలుస్తూనే ఉంది."

బూట్లు విప్పాడు. ఎవరిదో కండువా తీసి భుజాన వేసుకున్నాడు. వచ్చి పీట మీద కూర్చున్నాడు.

పంతులుగారు చెప్పిందల్లా తప్పుల్లేకుండా పలుకుతూ, శశికళ చేతిని ఛాయాదేవి చేతిలో పెట్టి, మోహన్ తన కన్నతల్లిని కన్యాదానం చేశాడు.