బయటి గొళ్లెం

2004 మార్చిలో ఒక రోజు, మధ్యాహ్నం మూడు దాటాక, గుంటూరు శివారులోని ఒక కోల్డ్ స్టోరేజీలో అమోనియా పైపు పగిలింది.

వెనక దొడ్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్లకు ఆ సంగతి తెలియలేదు.

కళ్లు మండాయి. మిరపకాయల దగ్గర కళ్లు మండటం వాళ్లకు రోజూ ఉండేదే.

"ఎవడో తాలుకాయలు తగలబెట్టినట్టున్నాడు," అంది సుబ్బరావమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. చేతిలో పని ఆపలేదు.

లేచి నిలబడింది రెబ్కా ఒక్కతే.

ఆమెను ఆ పనిలో పెట్టించింది సుబ్బరావమ్మే. నెల కిందట బస్టాండులో కనిపించింది. కృష్ణా నది అవతలి మనిషినని, పని కావాలని అడిగింది. పేరు తప్ప ఇంకేం చెప్పలేదు.

"ఎవరే ఈవిడ?" అన్నాడు మేస్త్రీ యలమంద.

"మా మనిషే," అని సుబ్బరావమ్మ పూచీ పడింది. పంచలో చాప వేసింది. కూతురు సాయిలక్ష్మి పక్కనే కంచం పెట్టింది.

రెబ్కాకు దగ్గు. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. తొడిమలు తీసేవాళ్లంతా తూర్పు గోడ దగ్గర, గాలికి వీపు పెట్టి కూర్చుంటారు. రెబ్కా మాత్రం పడమట, గేటు పక్కన కూర్చునేది. ఘాటంతా అటే పోయేది.

"దగ్గేదానివి అక్కడేం పనే? ఇటు రా," అనేది సుబ్బరావమ్మ.

"ఇక్కడ బాగానే ఉందక్కా."

"ఎందుకు బాగుండదు? పని దిగీ దిగగానే అందరికన్నా ముందు ఉరకొచ్చు," అనేది బసవమ్మ. అందరూ నవ్వేవాళ్లు.

అది రేకు గేటు. అవతల సందు, సందును ఆనుకుని అమోనియా యంత్రాలుండే మిషన్ రూము. గొళ్లెం బయటివైపే ఉంది. ఆడవాళ్లు కాయలు కట్టుకుపోతారని వాచ్‌మన్ పొద్దున గొళ్లెం పెట్టి, సాయంత్రం కొంగులు దులిపించాకే వదిలేవాడు. ఆ రోజు టీ కోసం తీసిన గేటు ఇంకా తెరిచే ఉంది.

"గ్యాసక్కా," అంది రెబ్కా. "గోడెక్కండి. గేటు వైపు రాబాకండి."

అప్పుడే మిషన్ రూము వైపు కేకలు వినిపించాయి. వాచ్‌మన్ గేటు ముందు నుంచే సందులోకి పరుగెత్తాడు.

ఆడవాళ్లు బుట్టలు వదిలేసి గేటు వైపు కదిలారు. వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. సాయిలక్ష్మి అందరికన్నా ముందుంది.

రెబ్కా గేటు దాటి బయటికి పోయింది. రేకు తలుపు సాయిలక్ష్మి మొహం మీదే మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు సుబ్బరావమ్మ విన్నది.

"రెబ్కా, నా కూతురే. తియ్యవే."

"గోడెక్కక్కా."

సుబ్బరావమ్మ తలుపును కాలితో తన్నింది. అందరూ కలిసి నెట్టారు. రాలేదు.

"నా ఇంట్లో తిని నా బిడ్డ ఉసురు తీస్తావటే?"

బయట ఒకసారి దగ్గు వినిపించింది. తర్వాత ఏమీ వినపడలేదు.

"పోయింది," అంది బసవమ్మ. "దాని ప్రాణం అది చూసుకుంది."

గేటు కింది నుంచి వాసన లోపలికి వచ్చింది. నిలబడలేక వాళ్లు తూర్పు గోడ దగ్గరికి మళ్లారు. మిరపకాయల టిక్కీ బస్తాలు లాగి, ఒకదాని మీద ఒకటి వేసి ఎక్కారు. గోడ మీద గాజుపెంకులు ఉన్నాయి. సాయిలక్ష్మి అరచేతులు తెగాయి.

అవతల పత్తి చేను. గాలి అటు నుంచే వస్తోంది. చేలో వాసన లేదు. అందరూ ఉన్నారు.

"మీ మనిషేగా," అంది బసవమ్మ.

సుబ్బరావమ్మ కొంగు చింపి కూతురి చేతులకు చుడుతోంది.

"నా మనిషెట్టా అవుద్ది? కనపడనియ్. గొళ్లెం పెట్టిన చెయ్యి విరిచి పొయ్యిలో పెడతా."

"ఇంకెక్కడ కనపడుద్దమ్మా. ఈపాటికి బస్సెక్కి ఉంటది."

ఫైరింజను వచ్చింది. సందులో చాలాసేపు నీళ్లు కొట్టారు. పొద్దు వాలుతుండగా ఒక కానిస్టేబుల్ చేలోకి వచ్చాడు.

"దొడ్డి గేటు ఎవరు వేశారమ్మా?"

"రెబ్కా అని, మా పంచలో పడుకునేది. మమ్మల్ని లోపలేసి పారిపోయింది. రాసుకోండి."

అతను రాసుకోలేదు.

"పారిపోలేదమ్మా. ఒకసారి వచ్చి చూడండి."

సందులో వాచ్‌మన్, ఇద్దరు హమాలీలు పడి ఉన్నారు. ముగ్గురూ చనిపోయారు.

రెబ్కా గేటుకు భుజం ఆనించి కూర్చుని ఉంది. గొళ్లెంలో తాళం లేదు. పుల్ల కూడా లేదు. ఆమె వేలు ఉంది.

"మీకు తెలిసిన మనిషేనా?" అన్నాడు కానిస్టేబుల్.

సుబ్బరావమ్మ వంగి ఆమె కొంగు సర్దింది.

"మా మనిషే," అంది.

మర్నాడు రెబ్కా అన్న యోహాను, టీవీలో పేరు విని, శవం కోసం పెద్దాసుపత్రికి వచ్చాడు. సుబ్బరావమ్మ అతన్ని ఒకటే అడిగింది.

"అంత దగ్గు పెట్టుకుని, ఎంత పిలిచినా గేటు దగ్గర నుంచి కదిలేది కాదు. ఎందుకయ్యా?"

రెండేళ్ల కిందట వాళ్ల ఊరి కోల్డ్ స్టోరేజీలో కూడా ఇలాగే గ్యాసు లీకైందని అతను చెప్పాడు.

ఆ రోజు గేటు తీసి, ఇటు రండని అందరినీ పిలిచింది రెబ్కాయే. ఆమె వెంట సందులోకి పరుగెత్తిన వాళ్లలో ఒక్కరూ బతకలేదు, ఆమె తప్ప.