ఎక్కినవాళ్ళు

కాలేజీల రోడ్డు మీద బస్సులకు విడిగా దారి వేస్తారట. ఏ స్టాపు ఉంచాలో, ఏది ఎత్తేయాలో తేల్చడానికి భవ్య మూడు రోజులుగా ఈ స్టాపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లెక్క రాస్తోంది. నడుం పట్టేసింది. ఆఖరి రోజు కూడా 'ఎక్కినవాళ్ళు' అన్న గడిలో అన్నీ సున్నాలే.

గుంటూరు వెళ్ళే ప్రతి బస్సూ ఫుట్‌బోర్డు దాకా స్టూడెంట్లతో నిండిపోయి, ఆగకుండా పోతోంది. మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్ళే జానీబీ, ఆమెతో వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళు బస్సు బస్సుకీ చెయ్యెత్తి, దించేస్తున్నారు.

"మమ్మల్ని రాశావా అమ్మా?" అడిగింది జానీబీ.

"నిలబడ్డవాళ్ళకి గడి లేదమ్మా. ఇటుదైనా అటుదైనా, బస్సు ఎక్కితేనే రాయాలి."

"రాయకపోతే?"

"స్టాపు ఎత్తేస్తారు."

జానీబీ అన్నం క్యారేజీ చంకన పెట్టుకుని రోడ్డు దాటింది. వెనకాలే ఆరుగురూ దాటారు. అవతల చిలకలూరిపేట వెళ్ళే బస్సు ఖాళీగా వచ్చి ఆగింది.

భవ్య కుర్చీలోంచి లేచి అరిచింది. "అది పేట బస్సమ్మా! మీ పని గుంటూర్లో కదా!"

"తెలుసులే తల్లీ," కిటికీలోంచి అంది జానీబీ. "ఇవాళ్టికి పని పోతే పోయింది. కూర్చునైనా పోతాం. ఏడుగురం. రాసుకో."