వేడి వేడి పలావు

"ఎవరూ ముట్టుకోకండి! ఇంకా వీడియో అవలేదు," అంది శాలిని ఫోను పైకెత్తి.

క్రిస్మస్ ముందటి ఆదివారం. కంకిపాడులోని ఆ ఇంట్లో శాలిని అత్త తెరేసమ్మ పొద్దున్నే లేచి వండిన కోడి పలావు బల్లమీద చల్లారిపోతోంది. శాలిని భర్త జాన్ పాల్ ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. కుక్క బ్రూనో నెత్తిన ఎర్ర టోపీ పెట్టించుకుని కూర్చుంది.

"మూత తీయండత్తయ్యా. ఆవిరి కనపడాలి."

"ఆవిరెప్పుడో పోయిందమ్మా."

"అయితే ఇంకోసారి వేడి చేయండి."

తెరేసమ్మ వేడిచేసి తెచ్చేసరికి గేటు దగ్గర క్యారల్స్ వాళ్ళ డప్పు మోగింది. శాలిని వీడియో తీయడానికి అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి బ్రూనో పలావు తింటోంది.

"అయ్యో! ముందు కుక్కకి పెట్టారేంటత్తయ్యా?"

"నేను వండింది వేడిగా ఉండగా ఎవరైనా తింటే చూడాలనిపించిందమ్మా. ఈ నెలంతా మనం చల్లారిందే తిన్నాం."

జాన్ పాల్ సిగ్గుపడి, బ్రూనో పక్కనే నేలమీద కూర్చుని పళ్ళెం చాపాడు. "నాకూ పెట్టమ్మా."

శాలిని కళ్ళు చెమర్చాయి. మెల్లగా ఫోను అత్త వైపు తిప్పింది.

"ఆ మాట ఇంకోసారి అనండత్తయ్యా. ఇందాక రికార్డవలేదు."