కర్రోడి బుద్ధి

మెడ విరిగిన కోడిపెట్టను నోట కరుచుకొచ్చి, ముసలయ్య కాళ్ళ దగ్గర పెట్టింది నల్ల కుక్క. పెట్టి, తోక ఊపింది.

దాని వెనకే చీపురు పట్టుకుని ఆదెమ్మ వచ్చింది. ఆమెది పక్క ఇల్లే. రెండు వాకిళ్ళకూ మధ్య ఒక తడక.

"సూడు! చేసిందంత చేసి ఎట్ల తోకూపుతాందో సూడు! గుడ్లు పెట్టే పెట్ట అది. నీ మేకల మంద మీద మన్నువడ!"

"నడుమ నా మేకలేం జేసినయే నిన్ను?"

"నా కందిచేను మేసినయ్. పంచాయితీ పెట్టిన. ఆ కడుపుమంటకే నువ్వీ కుక్కను నా కోళ్ళ మీదికి ఉసిగొల్పుతున్నవ్. నాకు తెల్వదా?"

"అవ్. నాకింకేం పని లేదు మరి. పొద్దుగాల లేసి దీనికి నీ కోళ్ళ పేర్లు చెప్తన్న."

ఇది మొదటిసారి కాదు. ఆదెమ్మ వాకిట్లో వడ్లు ఆరబోస్తే చాలు, కోళ్ళన్నీ అక్కడే చేరతాయి. ఆమె అరుగు మీద కూర్చుని "ఉష్, ఉష్" అంటూ చేతులు ఊపుతూనే ఉంటుంది. ఆ నల్ల కుక్కకు ముసలయ్య పెట్టిన పేరు కర్రోడు. అప్పటిదాకా ఎక్కడుంటాడో, తడక దూకి వచ్చి పడతాడు. ఒక కోడి పోతుంది.

కర్రోడంటే ముసలయ్యకు ప్రాణమని కాదు. ఆయనకు ప్రాణమైనవి లోకంలో ఏవీ లేవు. కానీ కర్రోడు లేకపోతే మంద లేదు. అడవిలో రేసుకుక్కలు గుంపుగా వస్తాయి. నిలబడ్డ మేకను నిలబడ్డట్టే పీక్కుతింటాయి. ముసలయ్య ఒక్క కేక వేస్తే కర్రోడు వాటి మధ్యకు దూకుతాడు. ఆ కేక చెవిన పడ్డాక ఎదురుగా ఉన్నది ఏమిటని కూడా చూడడు.

సెల్లుకు సిగ్నల్ కోసం గుట్టెక్కి దిగుతున్న ఊరిపెద్ద సీతయ్య, గొడవ విని తడక దగ్గర ఆగాడు.

"ముసలయ్యా, కుక్క నీది. బుద్ధి చెప్పుకో. ఇంకో కోడి పోయిందనుకో, ఇగ ఊళ్ళె ఆ కుక్క ఉండద్దు. నువ్వు జేస్తవా సరే. లేకుంటే మేమే మందు పెడ్తం."

ముసలయ్య బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు.

ముందు, చచ్చిన కోడిని కర్రోడి మెడకు కట్టాడు. పాత కాలం వాళ్ళు చెప్పిన వైద్యం అది. కోడి కుళ్ళి, పురుగు పట్టి, దానంతటదే ఊడిపడేదాకా విప్పలేదు. కర్రోడు తిండి మానేశాడు. తల వంచుకుని గోడలకు మెడ రుద్దుకుంటూ తిరిగాడు.

తర్వాత ఇల్లందు సంతకు పోయి పిల్లల కోడిని తెచ్చాడు. దాని పక్కనే కుక్కను కట్టేసి, చింతబరికె పట్టుకుని, పెదవి విప్పకుండా కూర్చునేవాడు. మాటలతో చెబితే పెళ్ళామే వినలేదు, పుట్టింటికి పోయి కూర్చుంది. ఇక కుక్క వింటుందా? కర్రోడు కోడి వైపు తల తిప్పితే చాలు, బరికె లేచేది. వీపు మీద వాతలు తేలేవి.

చలి తగ్గేనాటికి కోడిపిల్లలు కర్రోడి డొక్కకు ఆనుకుని నిద్రపోతున్నాయి.

"రా వదినె, వచ్చి సూడు," అని తడక మీంచి పిలిచాడు ముసలయ్య. "మీ అయ్య గూడ గింత బుద్ధిమంతుడు కాదు."

సీతయ్యనూ పిలిపించాడు. ఆదెమ్మ వాకిట్లో వడ్లు పరిచి ఉన్నాయి. కోళ్ళు చేరాయి. తాడు లేకుండా కర్రోడు వాటి మధ్యకు నడిచాడు. ఆవులించి, పడుకున్నాడు. ఒక పుంజు వచ్చి వాడి తోక పొడిచింది. కళ్ళు కూడా తెరవలేదు.

"ఏమంటవ్ ఇప్పుడు?"

ఆదెమ్మ మూతి తిప్పింది. "నువ్వు పక్కనుంటే నక్క గూడ తపస్సు జేస్తది."

"ఒప్పుకో ఆదెమ్మా, పోయేదేముంది," అని నవ్వాడు సీతయ్య.

ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. ఈ మాటల్లో కోళ్ళు వడ్లన్నీ చెల్లాచెదురు చేశాయి. "ఈటి పాడుగాను! ఉష్! ఉష్!" అని కోపమంతా వాటి మీద చూపించి చెయ్యి విసిరింది.

కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ లేచాయి. వాటితోపాటే కర్రోడూ లేచాడు.

తోక పొడిచిన పుంజునే పట్టాడు. మెడ విరిచి, తెచ్చి, ముసలయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. తోక ఊపాడు.

"ఎగిరేదాన్ని సూస్తే ఆగదు," అన్నాడు సీతయ్య. "జాతి బుద్ధి. నువ్వు మాత్రం ఏం జేస్తవ్?"

ముసలయ్య మొహం మాడిపోయింది. ఎగిరి డొక్కలో తన్నాడు. "అందరి ముందట నా ఇజ్జత్ తీసినవ్ గదరా, దొంగనాకొడకా!"

గొడ్డలి భుజాన వేసుకుని వాగు వైపు నడిచాడు. తాడు అవసరం పడలేదు. కర్రోడే వెంట వచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు ముసలయ్య ఒక్కడే ఉన్నాడు. గొడ్డలి కడిగి ఉంది.

"పీడ వదిలింది," అని తడక అవతల నుంచి, వినబడేట్టే అంది ఆదెమ్మ.

మర్నాడు మందను అడవికి తోలాడు. మేకలు చెలమ దగ్గర నీళ్ళకు వంగినప్పుడు, టేకు చెట్ల వెనక నుంచి రేసుకుక్కలు చప్పుడు లేకుండా దిగాయి. చూలు మేకను మంద నుంచి విడదీసి చుట్టూ మూగాయి.

వెనక కర్రోడు లేడన్నది మరిచి, వాణ్ణి వాటి మీదికి దూకించడానికి ఎప్పుడూ వేసే కేకే వేశాడు ముసలయ్య: "ఉష్!"