ఫిల్టర్ నీళ్ళు

"జర పట్టుకో తమ్మీ," అంటూ సంయుక్త కుండీని తలకిందులు చేసింది. మొక్క కాండం ఆమె రెండు వేళ్ళ మధ్య భద్రంగా నిలిచింది. మట్టికి బదులు నింపిన కొబ్బరి పొట్టు ఒక్క రేణువు రాలకుండా ముద్దగా బయటికి జారింది.

ఇస్సాకు వంగి వేర్లు చూశాడు. తెల్లగా ఉండాల్సినవి గోధుమరంగుకు తిరిగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన మాత్రం లేదు.

"బతుకుతయా?"

"బతుకుతాయండి. కాపోతే పళ్ళెంలో నీళ్ళు నిలవుంచేశారు కదక్కా, వేరుకి ఊపిరాడట్లేదు. అడుగున కారింది పారబొయ్యమన్నానా లేదా?"

"మర్సిపోయిన," అంది సంయుక్త, నోటుపుస్తకం తీస్తూ. "మల్ల చెప్పు, రాసుకుంట. ఎరువు వారానికొక్కసారా?"

"రోజూనండి. పొట్టులో సారం ఏముంటదండి, మనం పోసిందే దానికి తిండి. నీళ్ళు పోసినప్పుడల్లా కూసింత కలిపి పొయ్యాలి."

ఆమె బుద్ధిగా రాసుకుంది. నలభై అయిదేళ్ళ మనిషి, బ్లూకార్డు వీసా మీద ఉద్యోగానికి వచ్చి పదేళ్ళయినావిడ, తన మాటలు అలా రాసుకుంటుంటే ఇస్సాకుకు లోపల ఎక్కడో గర్వంగా ఉండేది.

జర్మన్ నగరం మాగ్డెబర్గ్‌కు అతను మాస్టర్స్‌ చదవడానికి వచ్చి ఏడాదిన్నర. గదిలో ఉన్న స్నేహితులిద్దరూ ఇంటర్న్‌షిప్ దొరికి ఇంగోల్‌స్టాట్ వెళ్ళిపోయారు. ఆ తరువాత వారం మొత్తానికి అతను నోరు తెరిచేది సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర, అదీ కార్డుతో కడతానని చెప్పడానికి. అలాంటి రోజుల్లో, ఏడు వారాల కిందట, పై అంతస్తు సంయుక్త కొబ్బరి పొట్టు బస్తా మోసుకుంటూ మెట్ల మీద ఎదురైంది. అంబాజీపేటలో ఇస్సాకు నాన్నది కొబ్బరి పీచు తీసి ఆరబెట్టే కళ్ళమే. ఆ వాసనకు అతనికి ఇల్లు గుర్తొచ్చింది. ఇంగ్లీషులో "ఉప్పు పోయేలా ఇది కడిగారా?" అని అడిగితే, ఆమె అతని ముఖం చూసి తెలుగులోనే "లేదు, కడగాల్నా?" అంది.

మొక్కలు గంజాయివని తెలిసినప్పుడు మాత్రం లేచి వెళ్ళిపోబోయాడు. ఊళ్ళో ఆ మాట పైకి అంటేనే తలుపులు వేసుకుంటారు. సంయుక్త నవ్వి, ఇక్కడ ఇప్పుడు మనిషికి మూడు మొక్కలు చట్టమే ఇస్తోందని చెప్పింది. భుజం నొప్పికి నిద్ర పట్టక పెంచుకుంటోందట. ఉద్యోగం ఏమిటని అడిగితే, "ఏదో ఇన్‌స్టిట్యూట్ల, కాగితాల పని" అంది. అతను మళ్ళీ అడగలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం కుండీల వైద్యం, ఆపైన సర్వపిండి, పచ్చిపులుసు, సాయంత్రం దాకా తెలుగు.

ఇందులో ఒక దొంగతనం ఉంది. జబ్బు అసలు కారణం ఇస్సాకు రెండో ఆదివారమే పట్టేశాడు. కెటిల్‌లో తెల్లగా సున్నం పేరుకుంటుందని ఇక్కడి మనవాళ్ళందరిలాగే సంయుక్త కూడా నీళ్ళను ఫిల్టర్ జగ్గులో వడకట్టేది. మొక్కలకూ అవే పోసేది. కొబ్బరి పొట్టు అసలే సున్నాన్ని పట్టేసుకునే రకం. వచ్చే కాస్త సున్నాన్నీ జగ్గు మింగేస్తే మొక్కకు మిగిలేది సున్నా. కుళాయి నీళ్ళు పొయ్యమంటే సరిపోయేది. కానీ మొక్కలు బాగుపడితే తననెవరు పిలుస్తారు? ఆ ఒక్క మాటా నాలుక చివరదాకా తెచ్చుకుని, ప్రతివారం మింగేశాడు.

ఎనిమిదో ఆదివారం తలుపు తీసిన సంయుక్త భుజం మీద ఐసు సంచీ ఉంది. కళ్ళు లోపలికి పోయాయి.

"నాలుగు దినాలాయె, కన్ను మూతపడలే," అంది. "మొక్కలేమో గిట్లనాయె."

కొత్త ఆకుల మీద తుప్పు మచ్చలు. ఇస్సాకుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, తప్పు నాదండి. ఆ ఫిల్టర్ నీళ్ళు మానేసి కుళాయి నీళ్ళు పోస్తే ఎప్పుడో కోలుకునేయండి. నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

"ఎందుకు?"

"బాగైపోతే మీరింక పిలవరని."

ఈసారి సంయుక్త నోటుపుస్తకం తెరవలేదు. వంటింట్లోకి వెళ్ళి సర్వపిండి పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"తిను, సల్లారుతది."

ఇస్సాకు తలవంచుకుని తిన్నాడు. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

తరువాతి ఆదివారం పిలుపు రాలేదు. ఆ పై వారం మెట్ల మీద కనిపించి, "మంచిగైనయి తమ్మీ, కొత్త ఆకులు పచ్చగొస్తున్నయి," అని వెళ్ళిపోయింది. ఇస్సాకు గదికొచ్చి అన్నం వండుకుని, తినబుద్ధికాక మూతపెట్టేశాడు. చేజేతులా పోగొట్టుకున్నాననిపించింది, అయినా చెప్పినందుకు బాధలేదు.

ఆ శనివారం పార్సెల్ మనిషి బెల్లు కొట్టాడు. పైన ఎవరూ లేరట, పక్కింటివాళ్ళకు ఇచ్చిపోవడం ఇక్కడ మామూలే. పెట్టె మీద సంయుక్త పేరుంది. మధ్యాహ్నం ఆమె వచ్చిన చప్పుడు విని, కాసేపాగి పైకి మోసుకెళ్ళాడు.

"నువ్వే తెరువు తమ్మీ, నా చేతులకు పిండున్నది," అని ఆమె వంటింట్లోకి పోయింది.

లోపల ఒకే పుస్తకం అయిదు ప్రతులు. అట్ట మీద తెల్లటి వేర్ల బొమ్మ. జర్మన్‌లో పేరు కూడబలుక్కుని చదివాడు: కొబ్బరి పొట్టులో వేర్ల ఆరోగ్యం, పోషణ. మూడో ముద్రణ.

"కుండీలకు మల్ల ఏదో రోగమొచ్చినట్టున్నది," వంటింట్లోంచి సంయుక్త గొంతు వినిపించింది. "రేపు ఐతారమొచ్చి చూస్తవా?"

ఇస్సాకు అట్ట అడుగున రచయిత పేరు చూశాడు. పుస్తకం రాసింది ఆమే.